ఆయన్ని చెప్పనివ్వండి

"కాలూ చెయ్యీ కొంచెం వస్తున్నాయి మేడం, మాటే రావట్లేదు. బుర్ర గానీ దెబ్బతిందంటారా?" పక్షవాతం వచ్చిన మనిషిని నా దగ్గరికి తీసుకొచ్చేవాళ్లు చాలామంది మొదట అడిగేది ఇదే. ఆయన పక్కనే కూర్చుని వింటూ ఉంటాడు. స్పీచ్ థెరపిస్టుగా నేను ముందు చేసే పని, ఆ మాట ఇంకెప్పుడూ ఆయన ఎదుట అనొద్దని చెప్పడం.

పక్షవాతంతో (స్ట్రోక్‌తో) ఇలా మాట దెబ్బతినడాన్ని అఫేసియా అంటారు. స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి వస్తుంది. కుడిచేతివాటం వాళ్లలో నూటికి తొంభై మందికి పైగా భాషను నడిపేది మెదడు ఎడమ వైపు. కుడి కాలూ చెయ్యీ కూడా దాని చేతిలోనే ఉన్నాయి కాబట్టి అక్కడ రక్తనాళం మూసుకుపోయినా, చిట్లినా తరచు అన్నీ కలిసే పడిపోతాయి. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు చూసిన రోగి ఏమడిగినా "టాన్" అనే అనేవాడు. ఎదుటివాళ్ల మాట మాత్రం చాలావరకు అర్థమయ్యేది. 1874లో కార్ల్ వెర్నికె ఇంకో రకం గురించి రాశాడు. అందులో మాట ధారాళంగా వస్తుంది గానీ పొంతన ఉండదు, వినేదీ సరిగా ఎక్కదు. ఇలాంటివాళ్లను చూసి మతి పోయిందనుకుంటారు. అది ఘోరమైన పొరపాటు.

నా దగ్గరికి వచ్చే ఒక తాపీమేస్త్రి ఓ రోజు కళ్లజోడు అడగబోయి "చెప్పులు" అన్నాడు. కొడుకు లేచి వెళ్లి చెప్పులు తెచ్చాడు. ఆయన తల అడ్డంగా ఊపి, కళ్ల దగ్గర వేలు పెట్టి చూపిస్తూ మళ్లీ "చెప్పులు" అన్నాడు. తప్పు పడుతోందని ఆయనకే తెలిసి బల్ల మీద చరిచాడు. "కళ్లజోడా నాన్నా?" అనబోయిన కొడుకుని ఆపి, "కళ్ల..." అని అందించాను. పెదాలు రెండుమూడుసార్లు కదిలాక "జోడు" అన్నాడు. అంతసేపు ఊరుకోవడం కొడుక్కి ఎంత కష్టమైందో! ఈ వైద్యంలో సగం ఆ ఓపికే.

అదే మనిషి, మనం "ఉప్పూ..." అంటే ఠక్కున "కారం" అంటాడు. వారాల పేర్లు, భజన పాటలు గడగడా వచ్చేస్తాయి. నోటికి పట్టిన వరుసలకీ పాటలకీ మెదడులో వేరే దారులూ ఉన్నాయి. రాగంతో చిన్న చిన్న మాటలు పలికించే పద్ధతి 1970ల్లో అలాగే పుట్టింది. కానీ పాట వచ్చిందని మాట వచ్చేసినట్టు కాదు.

ఇంట్లో ఏ భాష నడుస్తుందో దాంట్లోనే సాధన చేయించండి. తెలుగూ ఉర్దూ రెండూ నడిచే ఇంట్లో రెండూ మాట్లాడండి. రెండు భాషలు భారమవుతాయని భయపడకండి. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 608 మంది స్ట్రోక్ రోగులను పరిశీలిస్తే, ఒకే భాష వచ్చినవాళ్లలో 19.6 శాతం మందికి, ఒకటికి మించి వచ్చినవాళ్లలో 40.5 శాతం మందికి ఆలోచనాశక్తి మామూలుగా నిలిచింది. అఫేసియా వచ్చే అవకాశంలో మాత్రం తేడా లేదు. ఇంకోమాట, పెద్దవాళ్ల ముందు పసిపిల్లల బొమ్మల పుస్తకం పెట్టకండి. మా మేస్త్రికి కావలసినవి సిమెంటు, ఇటుక, కూలి, మనవరాలి పేరు.

మొదటి మూడు నెలల్లో మార్పు వేగంగా కనిపిస్తుంది. ఆ తర్వాత నెమ్మదిస్తుంది గానీ ఆగదు, ఏళ్ల తర్వాత కూడా మాటలు కలుస్తాయి. పల్లెల నుంచి వారం వారం రాలేనివాళ్లకి ఫోన్లో వీడియో పెట్టి చేయిస్తున్నాను. ఎదుటివాళ్ల మాట అర్థమయ్యేవాళ్లని బయటికి వెళ్లేటప్పుడు జేబులో చిన్న కార్డు ఉంచమంటాను: "నాకు పక్షవాతం వచ్చింది. మీరు చెప్పేది అర్థమవుతుంది. నా మాటకి కాస్త ఆగండి."