సికిల్‌సెల్: కార్డుతోపాటు మాత్ర కూడా చేరాలి

జాతీయ సికిల్‌సెల్ ఎనీమియా నిర్మూలన కార్యక్రమాన్ని ప్రధాని నరేంద్ర మోదీ 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రారంభించారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా 17 రాష్ట్రాలలో, ప్రధానంగా గిరిజన ప్రాంతాలలో, 40 ఏళ్ళ లోపు వయసుగల 7 కోట్ల మందికి రక్తపరీక్షలు జరపాలని, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించాలని ఈ పథకం సంకల్పించింది. పరీక్ష జరిగినవారికి ఫలితాన్ని తెలిపే కార్డు ఇస్తారు.

ఆ కార్డు చెప్పేది నిజానికి ఒక్క అక్షరం సంగతి. రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్ తయారీని నిర్దేశించే జన్యువులలో ఒకటి 11వ క్రోమోజోముపై ఉంటుంది. అందులో ఒకచోట 'ఎ' అనే రసాయనాక్షరానికి బదులు 'టి' పడితే, 146 అమైనో ఆమ్లాల గొలుసులో ఆరవది మారిపోతుంది. తేడా ఇంతే. అయితే ప్రాణవాయువు తగ్గినపుడు ఇటువంటి హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని బిగుసుకుంటాయి. గుండ్రని ఎర్రకణం కొడవలిలా వంగి సన్నని రక్తనాళాలలో ఇరుక్కుంటుంది. ఫలితం భరింపరాని ఎముకల నొప్పులు. సాధారణంగా 120 రోజులు ఉండవలసిన కణం పది, ఇరవై రోజులకే నశించడంతో రక్తహీనత వెన్నంటే ఉంటుంది.

మన దేశంలో ఈ కణాలను 1952లో నీలగిరి గిరిజనులలో గుర్తించారు. అంతటి హానికరమైన జన్యువు ఇన్ని తరాలు ఎలా నిలిచింది? దానికి జవాబు మలేరియాలో ఉంది. తల్లిదండ్రులలో ఒక్కరి నుంచే ఈ జన్యువు సంక్రమించినవారికి ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ లభిస్తుందని 1954లో ఆఫ్రికాలో జరిగిన పరిశోధన వెల్లడించింది. మన్యపు జ్వరాల మధ్య బతికిన జనానికి ఒకనాడు అండగా నిలిచినదే వారి సంతానానికి శాపమయిందన్నమాట.

ఒక్క జన్యువే ఉన్నవారు వాహకులు. వారు రోగులు కారు. ఈ తేడా గ్రామాలలో స్పష్టంగా చెప్పవలసి ఉంది. వాహకులైన ఇద్దరు వివాహమాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తరువాతి ముగ్గురికీ రాదనుకోవడం పొరపాటు. లెక్క ప్రతిసారీ మొదటికి వస్తుంది.

అందుకే పెళ్ళికి ముందు కార్డులు సరిచూసుకోవాలన్న సలహా. జాతకాల పొంతనకన్నా ఇది మేలనడంలో సందేహం లేదు. కాని కార్డు వరుడి చేతిలో ఉన్నప్పుడు ఒక మాట, వధువు చేతిలో ఉన్నప్పుడు మరొక మాట వినిపించే సమాజం మనది. వాహకురాలన్న ముద్రతో సంబంధం తప్పిపోయిన అమ్మాయికి, వాహకుడు కాని వరుడైతే బిడ్డలకు వ్యాధి రాదని చెప్పేవారు దగ్గర ఉండాలి. కార్డు పంచడం సులభం; ఈ మాట చెప్పడానికి శిక్షణ పొందిన మనిషి కావాలి.

ఇక ఇప్పటికే వ్యాధితో ఉన్నవారి సంగతి. వ్యాధిని మూలంలోనే సరిదిద్దే జన్యుచికిత్సకు 2023 డిసెంబరులో అమెరికా అనుమతినిచ్చింది. అక్కడ దాని ధర 22 లక్షల డాలర్లు, అంటే మన లెక్కలో 18 కోట్ల రూపాయలకు పైమాటే. గోండు పల్లెకు అది అందని పండు. హైడ్రాక్సీయూరియా మాత్ర సంగతి వేరు. శిశువుకు గర్భంలో ఉండే రకం హిమోగ్లోబిన్‌ను తిరిగి పెంచి, నొప్పులను, రక్తమార్పిడి అవసరాన్ని తగ్గించే పాత మందు ఇది. ఖరీదూ తక్కువే.

అయితే దీనిని రోజూ మింగాలి. తెల్లకణాలు మరీ తగ్గకుండా ఎప్పటికప్పుడు రక్తపరీక్ష చేయిస్తూ ఉండాలి. కొండదారిన నడిచి, ఒకరోజు కూలి వదులుకుని జిల్లా ఆస్పత్రికి వచ్చే రోగికి మాత్ర ధరకన్నా ప్రయాణమే ఎక్కువ భారం. ఆ మాత్ర, ఆ పరీక్ష రెండూ ఊరికి దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఏడాది పొడవునా దొరికేలా చూడటం ప్రభుత్వాలు ముందుగా చేయవలసిన పని.