ఓవెన్లో జంతికలు

ఇవాళ కేకుల సంగతి చెబుతాను. కేకులు చెయ్యడంలో నేనేమీ నిపుణురాలిని కాదండీ. పాడు చెయ్యడంలో మాత్రం ఇరవై ఏళ్ల అనుభవం ఉంది.

చిన్నప్పుడు మనలో చాలామంది ఇళ్లలో ఓవెన్ లేదు కదా. మా అమ్మ కుక్కరుకి గ్యాస్కెట్టూ, వెయిటూ తీసేసి, అడుగున ఇసుక పోసి కేకు చేసేది. అందుకేనేమో, అమెరికా వచ్చాక ఇంటితోపాటు వచ్చిన ఓవెన్ మన కంటికి అలమారాలా కనబడుతుంది. మూకుళ్లు, అట్లపెనం, ఇడ్లీ రేకులు అన్నీ అందులోకే.

2009లో మా అమ్మాయి ఎనిమిదో పుట్టినరోజు. ఊరినుంచి వచ్చిన మా అత్తయ్యగారు జంతికల డబ్బాని చీమలు పట్టకుండా ఓవెన్లో దాచారు. ప్లాస్టిక్ డబ్బా. నాకు తెలియదు. ఓవెన్ 350కి పెట్టి, పిండి కలుపుతూ కూర్చున్నాను. కాసేపటికి పొగ, కంపు, స్మోక్ అలారం గోల. కంగారులో తలుపు తెరిచాను. గాలి తగలగానే మంట లేచింది. అత్తయ్యగారు చెంబుతో నీళ్లు పట్టుకొచ్చారు. మావారు అడ్డం పడి, తలుపు మూసి, ఓవెన్ ఆపేశారు. ఆ తరవాత అదే ఆరిపోయింది.

ఎందుకు ఆరిందంటే, మూసిన ఓవెన్లో మంటకి కొత్త గాలి అందదు. తెరవడమే నా తప్పు. నీళ్లు పోసి ఉంటే ఇంకా ప్రమాదం, అది కరెంటు ఓవెన్. మూసినా ఆరకపోతే మాత్రం పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చేసి 911కి ఫోన్ చెయ్యాలి. వణుకు తగ్గాక అత్తయ్యగారు అన్న మాట: "నయమేనమ్మా, నూనె సీసా కూడా అందులోనే పెడదామనుకున్నాను!"

మరోసారి లండన్‌లో ఉన్న మా ఆడపడుచు ఫోన్లో కేకు చెప్పింది. "వదినా, 180లో పెట్టు, నలభై నిమిషాలు." పెట్టాను. గంటన్నర అయినా అట్ల పిండిలాగే ఉంది. ఆవిడ చెప్పింది సెల్సియస్, మా ఓవెన్‌ది ఫారెన్‌హీట్. మన 180 అంటే వాళ్ల లెక్కలో 82. నీళ్లు కూడా మరగని వేడి! వాళ్ల 180 కావాలంటే మనం 350 పెట్టుకోవాలి.

ఇక సోడా. గుడ్డు లేని కేకు చేసేవాళ్లు ఇది కాస్త శ్రద్ధగా వినండి. ఒకసారి బేకింగ్ పౌడర్ అయిపోతే, అదీ ఇదీ ఒకటే కదా అని అన్నే చెంచాల వంటసోడా వేశాను. కేకు బాగా ఎర్రగా వచ్చింది, నోట్లో పెట్టుకుంటే సబ్బు. వంటసోడా పొంగించాలంటే పులుపు కావాలి, అంటే పెరుగో, మజ్జిగో, నిమ్మరసమో. పౌడర్లో సోడాతోపాటు ఆ పుల్లటి పదార్థం, కాస్త గంజిపొడి ముందే కలిపి ఉంటాయి. పులుపు దొరకని సోడా వేడికి సోడియం కార్బొనేట్ అవుతుంది. అంటే ఏమిటో తెలుసాండీ? మన చాకలి సోడా! ఆ కేకుతో బట్టలు ఉతకచ్చు. చెంచాడు పౌడర్ బదులు పావు చెంచా సోడా, అర కప్పు పుల్లటి పెరుగు చాలు. పెరుగు వేసినంత మేర పాలో నీళ్లో తగ్గించుకోండి.

ఇప్పుడు మా ఇంట్లో ఓవెన్ వెలిగించే ముందు తలుపు తీసి చూడటం అందరికీ అలవాటైంది. అందులో మూకుళ్లు మాత్రం ఇంకా ఉంటాయి, వాటికి వేరే చోటు లేదు మరి.

ఆ పుట్టినరోజు సంగతి చెప్పలేదు కదూ. కేకు లేదు, పిల్లలు వచ్చేస్తున్నారు. అత్తయ్యగారు పావుగంటలో రవ్వకేసరి చేసి, గిన్నె పళ్లెంలో బోర్లించారు. దానిమీదే ఎనిమిది కొవ్వొత్తులు గుచ్చాం. మా అమ్మాయి చదువు అయిపోయి ఉద్యోగంలో కూడా చేరింది. ఇప్పటికీ పుట్టినరోజుకి ఆ కేసరే అడుగుతుంది.