దమ్ము చక్రములు: వాని యెంపికయు, బిగింపును

హిమాలయపు కనుమలలో మంచు పడిన దినములందు లారీలవారు టైర్లకు ఇనుప గొలుసులు చుట్టి నడుపుదురు. నున్నని మంచుపై రబ్బరు జారును. గొలుసు మంచును కఱచి పట్టును. మన మాగాణులలో మంచు లేదు గాని బురద యున్నది. టైరు గాళ్ళలో బురద నిండినచో చక్రము ఉన్నచోటనే తిరుగుచు దిగబడును. అందులకే దమ్ము చక్రములు వాడుకలోనికి వచ్చినవి.

వీనిలో రెండు రకములు గలవు. టైరును తీసివైచి దాని స్థానమున బిగించు నిండు చక్రము మొదటిది. టైరును ఉండనిచ్చి, దాని వెలుపలి ప్రక్కను బిగించు సగము చక్రము రెండవది. లోతుగా దిగబడు రేగడి చేలకు మొదటిది తగును. అడుగుగట్టు త్వరగా తగులు చేలకు రెండవది చాలును. సగము చక్రము టైరుకంటె కొంచెము చిన్నదిగా నుండవలెను. అపుడు గట్టినేలపై బరువును టైరే మోయును. రెండు ప్రక్కలవియు ఒకే కొలతగా నుండవలెను. లేనిచో బండి ఒక వైపునకు లాగును. అవసరమునకు మించి లోతైన పట్టీలను కోరరాదు. అవి అడుగుగట్టును చీల్చినచో పొలము ఏటేట మఱింత దిగబడును.

బిగించుటకు చదునైన గట్టినేలను చూచుకొనవలెను. ఇంజను ఆపి, బ్రేకు వేసి, ముందు చక్రములకు రాళ్ళు అడ్డము పెట్టవలెను. చక్రము నేలపై నుండగనే నట్లను కొంచెము వదులు చేయవలెను. పిమ్మట జాకీ క్రింద మందపు పలక నుంచి ఒక ప్రక్కను మాత్రమే లేపి, ఇరుసు క్రింద గట్టి దిమ్మను చేర్చవలెను. జాకీని మాత్రమే నమ్మి క్రిందికి దూరరాదు. నట్లను వరుసగా గాక, ఎదురెదురుగా బిగింపవలెను. పట్టీలు మడ్‌గార్డునకు తగులకుండుట చూడవలెను. ఒక గంట దమ్ము చేసిన పిదప నట్లను మరల బిగించుట మఱువరాదు.

ఇక ముఖ్యమైన సంగతి. ఒకచోట బండి దిగబడగా, వెనుక చక్రములకు దుంగను కట్టి ముందుకు నడుపబోవుచుండిరి. మేము కేకవైచి ఆపితిమి. ఏల యందురా? చక్రములు తిరుగలేకున్నపుడు ఇంజను బలము ఇరుసు చుట్టును బండినే త్రిప్పును. ముందుభాగము పైకి లేచి వెనుకకు తలక్రిందగును. నడుపువానికి దుముకుటకైనను వ్యవధి యుండదు. కావున బండి దిగబడినచో పనిముట్టును విప్పి, చక్రముల వెనుకనున్న బురదను త్రవ్వి, మెల్లగా వెనుకకు నడుపవలెను. అప్పటికిని రానిచో వేఱొక ట్రాక్టరుచే లాగింపవలెను. గొలుసును ఇరుసుకంటె ఎత్తున ఎన్నడును తగిలింపరాదు. లాగునపుడు దాని దరిదాపుల ఎవరును నిలువరాదు.

దమ్ము చక్రములతో తారురోడ్డు ఎక్కుట తగదు. రోడ్డు చిట్లును, అధికారులు జరిమానా విధింతురు, చక్రపు పట్టీలును వంగును. మన ధాన్యము బజారునకు పోవునది ఆ రోడ్డు మీదుగనే గదా! చక్రములను ట్రక్కులో వేసికొని పోయి, చేని గట్టున మార్చుకొనుటయే మేలు. ఇందులకు పట్టు సమయము స్వల్పము. సభ్యులు కొందఱు కలిసి సంఘము ద్వారా ఒక జత చక్రములను, మంచి జాకీని, రెండు దిమ్మలను కొని వంతులవారీగా వాడుకొన్నచో ఖర్చు తగ్గును. పనివాని ప్రాణమునకును రక్షణ కలుగును.