ఇంటి గోడపై లేజర్ వెలుగులు: కళ్లకూ తాబేళ్లకూ ముప్పు లేకుండా ఎలా?

పండగలకు ఇంటి గోడపై రంగు చుక్కలు కురిపించే లేజర్ ప్రొజెక్టర్‌లో ఉండేది ఒకటో రెండో కిరణాలే. గ్రేటింగ్ అనే పలక వాటిని వందల చుక్కలుగా చీలుస్తుంది. ఆ పలక పగిలినా, ఊడినా కిరణం బలమంతా ఒకేచోట పడుతుంది.

అందుకే కొనేముందు లేబుల్ చూడాలి. క్లాస్ 2 అంటే 1 మిల్లీవాట్ లోపు. పొరపాటున కంట్లో పడినా రెప్పపాటు కాపాడుతుంది. 500 మిల్లీవాట్ల దాకా ఉండే క్లాస్ 3బి అయితే రెప్ప పడేలోపే రెటీనా దెబ్బతినొచ్చు. లేబుల్ లేనిదాన్ని కొనకపోవడమే మేలు.

ప్రొజెక్టర్‌కూ గోడకూ మధ్య మనుషులు నడవకూడదు. కిరణాలు గోడ దాటి ఆకాశంలోకి వెళ్తే పైలట్ల కళ్లు చెదురుతాయి. కిటికీ అద్దాలపై పడితే వెనక్కి తిరిగొస్తాయి. వాన తడికి తట్టుకునే పరికరం, ఈఎల్‌సీబీ ఉన్న కనెక్షన్ తప్పనిసరి.

అండమాన్‌లోని మాయాబందర్ లాంటి చోట మరో జాగ్రత్త అవసరం. దగ్గర్లోని కర్మాటాంగ్ తీరంలో సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి. క్రిస్మస్, సంక్రాంతి వచ్చేది ఆ కాలంలోనే. రాత్రి పిల్లలకు దారి చూపేది సముద్రం మీది లేత వెలుగు. ఒడ్డున అంతకన్నా ప్రకాశం, ముఖ్యంగా ఆకుపచ్చ, నీలం కాంతి కనిపిస్తే అవి అటే పాకుతాయి. తీరంవైపు గోడను చీకటిగా వదిలేస్తే చాలు.