వాహనంలో ఉంచుకొనే టార్చిలైటు

టార్చిలైటు లేదా బ్యాటరీ లైటు చేతితో పట్టుకొని వాడుకొనే చిన్న విద్యుద్దీపము. దీనిని కరదీపము అని కూడా అంటారు. ఇంట్లో వాడే టార్చికి, వాహనంలో ఉంచే టార్చికి ప్రధానమైన భేదము ఒకటి ఉన్నది. ఇంటి టార్చి తరచుగా చేతికి వస్తుంది కనుక దాని వెలుగు తగ్గితే వెంటనే తెలిసిపోతుంది. వాహనంలోని టార్చి నెలల తరబడి ఎవరూ ముట్టుకోకుండా వేడిలో పడి ఉండి, అవసరమైన ఒక్క రాత్రి తప్పక వెలగవలసి ఉంటుంది. కాబట్టి దానిని ఎన్నుకొనేటపుడు వెలుగు ఎంత దూరము పడుతుందన్న ప్రశ్న కంటే, ఏడాది తరువాత మీట నొక్కితే వెలుగుతుందా అన్న ప్రశ్న ముఖ్యమైనది. ఈ వ్యాసములో భద్రాచలం పరిసరాల దారులను, అక్కడి వేసవిని దృష్టిలో ఉంచుకొని ఈ విషయము వివరించబడినది.

భద్రాచలం ప్రాంతములో అవసరము

భద్రాచలం గోదావరి ఎడమ గట్టున ఉన్న పుణ్యక్షేత్రము. విజయవాడ, కొత్తగూడెం వైపు నుండి వచ్చే జాతీయ రహదారి ఇక్కడ గోదావరి వంతెన దాటి చింతూరు, కుంట మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోనికి పోతుంది. చింతూరు నుండి మరొక దారి మారేడుమిల్లి ఘాట్ మీదుగా రంపచోడవరం, రాజమహేంద్రవరం వైపు చీలుతుంది. నది వెంబడే పైకి పోతే దుమ్ముగూడెం, పర్ణశాల, చర్ల, వెంకటాపురం వస్తాయి. ఈ దారులన్నిటిలో అడవి భాగము ఎక్కువ. ఊరికి ఊరికి మధ్య వీధి దీపాలు ఉండవు, చాలాచోట్ల సెల్‌ఫోను సంకేతము కూడా అందదు. రాత్రి పూట టైరు పంక్చరు అయితే దిగినవారికి తమ కాళ్ళు తమకే కనిపించవు.

నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అను నాలుగు విషసర్పాల వలననే మన దేశములో ఎక్కువ పాముకాటు మరణాలు సంభవిస్తున్నాయి. వీటిలో కట్లపాము ప్రధానంగా రాత్రి సంచరించేది. రోడ్డు ప్రక్క గడ్డిలో జాకీ పెట్టడానికి కూర్చునే మనిషికి టార్చి ఎందుకు కావాలో దీనిని బట్టి గ్రహించవచ్చును.

వరదల సమయములో అవసరము ఇంకొక విధముగా వస్తుంది. భద్రాచలం వద్ద గోదావరి మట్టము 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండవది, 53 అడుగులకు మూడవది జారీ చేస్తారు. 1986 ఆగష్టులో మట్టము 75.6 అడుగులకు, 2022 జూలై 16న 71.3 అడుగులకు చేరినది. 2022లో వంతెనపై రాకపోకలు నిలిపివేయబడినవి. అటువంటపుడు వాహనములోనే రాత్రి గడపవలసి రావచ్చును.

సెల్‌ఫోనులోనే లైటు ఉన్నది గదా అని కొందరు అంటారు. ఫోనులో మిగిలిన కొద్దిపాటి ఛార్జిని 108కి గాని ఇంటికి గాని మాట్లాడటానికి దాచుకోవలెను. అదీగాక ఆ వెలుగు పది పదిహేను అడుగులు దాటి పనికిరాదు.

కొంత చరిత్ర

గొట్టము ఆకారములోని టార్చికి డేవిడ్ మిసెల్ అను ఆవిష్కర్తకు 1899లో అమెరికాలో పేటెంటు లభించినది. నాటి సెల్లులు బలహీనమైనవి కావడం చేత దీపమును ఎక్కువసేపు వెలిగించలేక ఆపి ఆపి వెలిగించేవారు. అమెరికాలో దీనికి ఫ్లాష్‌లైటు అన్న పేరు అందువలన వచ్చినది. మన దేశములో యూనియన్ కార్బైడ్ సంస్థ ఎవరెడీ పేరుతో సెల్లులను, టార్చిలను అమ్మేది. 1984 భోపాల్ దుర్ఘటన తరువాత, 1994లో ఆ సంస్థ భారతీయ విభాగము చేతులు మారినది. మరుసటి ఏడాది అది ఎవరెడీ ఇండస్ట్రీస్ అయినది. 1972లో స్థాపితమైన ఇండో నేషనల్ సంస్థ జపాను వారి సాంకేతిక సహకారముతో నెల్లూరులో సెల్లుల కర్మాగారము నెలకొల్పినది. నిప్పో సెల్లులు ఆ సంస్థవే.

సెల్లుల ఎంపిక

టార్చి కొనేవారు సాధారణంగా దీపమును చూస్తారు. చూడవలసినది సెల్లును. ఇక్కడ మే నెలలో నీడలోనే 44, 45 డిగ్రీల సెల్సియస్ నమోదు కావడము అరుదు కాదు. అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల అంతకంటే మరో ఇరవై డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగము సుమారు రెట్టింపు అవుతుందని పాఠశాలలో చెప్పుకొనే స్థూల సూత్రము సెల్లుకు కూడా వర్తిస్తుంది. వాడకపోయినా అది లోలోపల ఖర్చవుతూనే ఉంటుంది.

చౌకగా దొరికే మామూలు సెల్లు జింకు-కార్బన్ సెల్లు. దీనిలో జింకు డబ్బాయే ఋణధ్రువము. సెల్లు పనిచేసే కొద్దీ ఆ డబ్బా కరిగి పలచబడి, చివరకు చిల్లుపడి లోపలి ద్రవము కారుతుంది. కారిన ద్రవము స్ప్రింగును, రేకును తినివేస్తుంది. ఈ వ్యాసకర్త స్కూటరు డిక్కీలో రెండు సెల్లుల టార్చి ఒకటి వేసవి సెలవులంతా ఉండిపోయినది. జూన్‌లో బడి తెరిచిన వారానికి వర్షములో అవసరమై తీస్తే, మూత తిరగలేదు. సెల్లులు గొట్టానికి అతుక్కుపోయి ఉన్నాయి. కాబట్టి మామూలు సెల్లులను వాహనంలో ఉంచరాదు.

ఆల్కలైన్ సెల్లు ధర రెండు మూడు రెట్లు ఉన్నా, సాధారణ ఉష్ణోగ్రతలో ఏడాదికి రెండు మూడు శాతమే శక్తి కోల్పోతుంది. వేడిలో ఈ నష్టము పెరుగుతుంది. ఇది కూడా బాగా అయిపోయిన తరువాత కారవచ్చును గాని, మామూలు సెల్లు కంటే ఎంతో మేలు. లిథియం పెన్సిల్ సెల్లు అని మరొక రకము ఉన్నది. ఇది తిరిగి ఛార్జి చేయడానికి వీలు లేనిది. అరవై డిగ్రీల వరకు తట్టుకొని పది పదిహేనేళ్ళు నిలువ ఉంటుంది. ధర ఎక్కువ, చిన్న ఊళ్ళలో దొరకడము కష్టము.

ఛార్జింగు టార్చిల విషయములో జాగ్రత్త అవసరము. చౌక రకాలలో చాలావాటిలో చిన్న లెడ్-ఆసిడ్ బ్యాటరీ ఉంటుంది. దానిని ఛార్జి అయిపోయిన స్థితిలో కొన్ని వారాలు వదిలివేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్ళీ ఛార్జి ఎక్కదు. లిథియం-అయాన్ బ్యాటరీ గల టార్చిలు తేలికైనవి, మంచి వెలుగునిచ్చేవి. అయితే పూర్తి ఛార్జి, అధిక వేడి రెండూ కలిస్తే ఆ బ్యాటరీ త్వరగా క్షీణిస్తుంది. వేడిలో నిలువ ఉంచాలంటే సగము ఛార్జి మంచిది, అత్యవసరానికైతే నిండు ఛార్జి కావాలి. ఈ రెండూ పొసగవు. ప్రతి రాత్రి టార్చి వాడి, ఇంటికి రాగానే ఛార్జింగు పెట్టుకొనే ఆటో లేదా జీపు డ్రైవరుకు ఛార్జింగు టార్చి చాలా లాభదాయకము. నెలకొకసారి ప్రయాణించే కుటుంబానికి పెన్సిల్ సెల్లులతో వెలిగే టార్చియే నమ్మదగినది. ఆ సెల్లులు దారిలో ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతాయి.

వెలుగు ఎంత ఉండవలెను

పాత టార్చిలలో తంతువు బల్బు ఉండేది. జారిపడితే తంతువు తెగేది. ఇపుడు దాదాపు అన్నిటిలో ఎల్.ఇ.డి. దీపమే ఉంటున్నది. ఒక వాట్ విద్యుత్తుకు చిన్న తంతువు బల్బు పది పన్నెండు ల్యూమెన్ల వెలుగు ఇస్తే, ఎల్.ఇ.డి. వంద వరకు ఇవ్వగలదు. రెండు ఆల్కలైన్ పెన్సిల్ సెల్లులతో యాభై ల్యూమెన్ల వెలుగును ఏడెనిమిది గంటలు పొందవచ్చును. టైరు మార్చడానికి, ఇంజను చూడటానికి ఇది సరిపోతుంది.

ల్యూమెను మొత్తము వెలుగుకు కొలత. ఒక దిశలో వెలుగు తీవ్రతకు కొలత క్యాండెలా. అట్టపెట్టె మీద వ్రాసే దూరము క్యాండెలా నుండి వస్తుంది. వెలుగు పౌర్ణమి వెన్నెల పాటికి, అంటే 0.25 లక్సుకు, తగ్గే చోటును హద్దుగా తీసుకుంటారు. క్యాండెలాల వర్గమూలమును రెండుతో గుణిస్తే ఆ దూరము మీటర్లలో వస్తుంది. 2500 క్యాండెలాల టార్చి వెలుగు 100 మీటర్లు పడుతుంది. 200 మీటర్లు పడాలంటే 10000 క్యాండెలాలు కావలెను. దూరము రెట్టింపు కావడానికి తీవ్రత నాలుగు రెట్లు కావడము గమనించదగినది. రోడ్డు పని దగ్గరి పని కనుక, సన్నగా దూరము పోయే కిరణము కంటే వెడల్పుగా పరచుకొనే వెలుగు మేలు. వేలల్లో ల్యూమెన్లు వ్రాసి చౌకగా అమ్మే టార్చిల అంకెలను నమ్మనక్కరలేదు.

కొనేటపుడు, దాచేటపుడు

రెండు మూడు వందల రూపాయలలో పనికివచ్చే టార్చి దొరుకుతుంది. అంగడిలోనే మూత విప్పి లోపలి స్ప్రింగు గట్టిగా ఉన్నదో లేదో, మూత దగ్గర రబ్బరు వలయము ఉన్నదో లేదో చూడవలెను. వెలిగించి అరచేతి మీద తట్టినపుడు రెపరెపలాడితే తీసుకోరాదు. మీట ఒక్క నొక్కుకే వెలిగి ఆరేదిగా ఉండాలి. ఆరేడు రకాలుగా మిణుకుమనేవి చీకట్లో చిరాకు పుట్టిస్తాయి. ఐ.పి.ఎక్స్.4 అని ఉంటే వాన చినుకులకు, ఐ.పి.ఎక్స్.7 అని ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట వరకు తట్టుకొంటుందని అర్థము. నుదుటికి కట్టుకొనే రకము దొరికితే చేతులు రెండూ ఖాళీగా ఉంటాయి. ఒంటరిగా టైరు మార్చేవారికి అదే ఉత్తమము.

టార్చిని అద్దము క్రింద డాష్‌బోర్డు మీద పెట్టరాదు. డ్రైవరు సీటు క్రింద గుడ్డలో చుట్టి ఉంచితే వేడి కొంత తక్కువగా తగులుతుంది. సెల్లులను విడిగా చిన్న డబ్బాలో పెట్టి, టార్చి ప్రక్కనే ఉంచుట అన్నిటికంటే మంచిది. అయితే చీకట్లో తడుముతూ వాటిని ఎక్కించడము ఇంట్లో ఒకసారి కళ్ళు మూసుకొని అభ్యాసము చేయవలెను. ఏటా వర్షాలకు ముందు, అనగా మే చివర, కొత్త సెల్లులు వేసి, పాతవాటిని ఇంటి గడియారాలకు వాడుకోవచ్చును. పాత సెల్లును, కొత్త సెల్లును కలిపి వేయరాదు. బలహీనమైనది ముందు అయిపోయి కారడము మొదలుపెడుతుంది.

వాడుకలో

వాహనము దిగేముందే టార్చి వెలిగించి, అడుగు పెట్టబోయే చోటును చూడవలెను. వెలుగుకు పాము పారిపోదు, మనకు కనిపిస్తుందంతే. ఎదుటి వాహనము డ్రైవరు కళ్ళలోనికి, తనిఖీ కేంద్రము సిబ్బంది ముఖము మీదికి వెలుగు వేయరాదు. బలమైన వెలుగు పడిన కళ్ళు మళ్ళీ చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. వానాకాలములో రోడ్డు మీదుగా వాగు పొంగుతున్నపుడు టార్చి వెలుగు నీటి ఉపరితలము మీదనే మెరుస్తుంది, బురద నీటిలో అడుగు కనిపించదు. ఆ వెలుగును బట్టి లోతు అంచనా వేసి వాహనము దింపరాదు.