కర్ణనాద పరిశోధన - భాషావేత్తల పాలు

బాహ్యధ్వని లేకయే చెవిలో వినవచ్చు మ్రోతకు కర్ణనాదమని పేరు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున చెప్పబడిన 28 కర్ణరోగములలో కర్ణనాదము, కర్ణక్ష్వేడము వేర్వేరు. వేణునాదమువంటి ధ్వని రెండవదాని లక్షణము. ఆ గ్రంథము 1835-36లో మధుసూదన గుప్తుని పరిష్కరణమున కలకత్తాలో అచ్చయినది.

పెనుచప్పుడువలననో వార్ధక్యమువలననో లోచెవిలోని రోమకణములు దెబ్బతిన్నపుడు, తగ్గిన సంకేతములను పూరింపబోయి మెదడు తన స్పందనను హెచ్చించుకొనుటయే దీనికి మూలమని నేటి వైద్యులలో పెక్కురి అభిప్రాయము. అయినను వినికిడి తగ్గిన వారందరికిని ఇది రాదు. దీనిని రూపుమాపు ఔషధమును ఇంకను లేదు.

కొలత మరియొక చిక్కు. ఈ ధ్వని సాధారణముగా అన్యులకు వినబడదు గనుక రోగి మాటయే ప్రమాణము. న్యూమన్, జాకబ్సన్, స్పిట్జర్ అనువారు 1996లో ప్రకటించిన 25 ప్రశ్నల పట్టిక బాధ యెంతయో తెలుపును గాని ధ్వని యెట్టిదో తెలుపదు. తెలుగువారు హోరు, రొద, ఈల, గింగురు అని వేర్వేరుగా చెప్పుదురు. హుగ్లీతీరపు జనపనార మిల్లులలో మగ్గముల మ్రోత నడుమ పనిచేసిన ఉత్తరాంధ్ర కార్మికుడు 'హోరు' అన్నదానిని వంగదేశపు వైద్యుడు కేవలము 'శబ్దము'గా వ్రాసికొన్నచో ఆ భేదము నశించును. భిన్నరోగములు ఒకే పేరున కలిసిపోయినచో ఏ చికిత్స ఎవరికి ఫలించెనో తేలదు.

కావున రోగులకు పలుధ్వనులను వినిపించి, తమ చెవిలోని దానితో పోల్పించి, ఏ పలుకుబడి ఏ ధ్వనికి చెల్లునో మాండలికములవారీగా నిర్ణయింపవలెను. ప్రశ్నల అనువాదములను తిరిగి మూలభాషలోనికి మార్చి సరిచూడవలెను. ఈ పని వైద్యులు ఒంటరిగా చేయజాలరు. భాషాశాఖలు వారితో చేరవలసియున్నది.