బండి గొంతు ఎంత వెడల్పుండాలి?

సెలవులకు ఇంటికెళ్లి వచ్చిన వాళ్లలో సగం మందివి బండ్ల కబుర్లే. "పెద్ద థ్రాటిల్ బాడీ వేయిస్తే ఘాటీ ఒక్క గేరులో ఎక్కేస్తది" అంటున్నారు. మా బావ కూడా కాఫీ గింజలు అమ్మిన డబ్బులతో అదే చేయిస్తానంటున్నాడు. పసుపు మూటలతో సంతకు ఎక్కేటప్పుడు బండి లాగట్లేదట. అందుకే ఇది రాస్తున్నాను.

థ్రాటిల్ బాడీ అంటే ఇంజను గొంతు. గాలి అందులోంచే లోపలికి పోతుంది. మధ్యలో గుండ్రటి రేకు ఉంటుంది. యాక్సిలరేటర్ తిప్పితే ఆ రేకు తిరిగి గాలికి దారి ఇస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 పెట్రోలు బండ్లలో చాలావాటికి ఇదే. అంతకుముందు మన చిన్న బండ్లలో చాలావాటికి కార్బురేటర్ ఉండేది.

ఇంజను ఎంత గాలి పీలుస్తుందో మనమే లెక్క కట్టొచ్చు. స్ప్లెండర్ ఇంజను 97.2 సి.సి. అది రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది. నిమిషానికి 8000 చుట్లు తిరిగితే 4000 సార్లు పీల్చినట్టు. మహా అయితే 390 లీటర్లు. ఘాటీలో బరువుతో 4000 చుట్ల దగ్గర ఈడుస్తుంటే 195 లీటర్లే! అక్కడ గొంతు చాలక కాదు బండి ఆగేది.

వెడల్పు సంగతి చూడండి. 20 మి.మీ. దారిని 24 చేస్తే నాలుగే కదా పెరిగింది అనిపిస్తుంది. వృత్త వైశాల్యం సూత్రం వేయండి, 44 శాతం పెరిగింది. అదే గాలి పెద్ద దారిలో పోతే వేగం దాదాపు మూడో వంతు తగ్గుతుంది. తొట్టి దగ్గర పైపు మూతికి బొటనవేలు అడ్డం పెడితే నీళ్లు జోరుగా చిమ్ముతాయి, వేలు తీస్తే చప్పబడతాయి, అలాగన్నమాట. కార్బురేటర్ బండికి ఆ వేగమే పెట్రోలును పైకి లాగాలి. అందుకే పెద్దది వేస్తే కింది చుట్లలో బండి దగ్గుతుంది. ఇంజెక్షన్ బండిలో పెట్రోలు పంపుతో చిమ్ముతుంది గనక అంత బాధ లేదు గానీ, యాక్సిలరేటర్ కొంచెం తిప్పినా గాలి ఎక్కువ దూరి బండి కుదుపుతుంది. పైగా దాని కంప్యూటర్‌లో ఉన్న లెక్కంతా పాత కొలతకు రాసింది.

అలాగని చిన్న గొంతు మేలని కాదు. పై చుట్లలో గాలి చాలకపోతే బలం అక్కడే ఆగిపోతుంది. ప్రపంచ ర్యాలీ కార్లకు గాలి దారి 34 మి.మీ. దాటకూడదని 1995లో నిబంధన ఉండేది. దాన్ని దొంగచాటుగా తప్పించి ఎక్కువ గాలి పట్టించినందుకు ఆ ఏడాది టయోటా జట్టును 12 నెలలు నిషేధించారు. రేసు ఇంజను పై చుట్లలోనే బతుకుతుంది మరి. మన బండి ఘాటీలో బతుకుతుంది.

బావకు నేను చెప్పింది ఇది: ముందు ఎయిర్ ఫిల్టర్ చూడు, దుమ్ము పట్టి ఉంటే కొత్తది వేయి. టైర్లలో గాలి, చైను చూడు. అప్పటికీ లాగకపోతే వెనక చక్రానికి పళ్లు ఎక్కువున్న స్ప్రాకెట్ వేయించు. పై వేగం కొంచెం తగ్గుద్ది గానీ మూటలు ఎక్కుతాయి. ఆయన ఇంకా ఒప్పుకోలేదు.